పాత రీడింగు, కొత్త రీడింగు

గుడుపల్లె సెక్షన్లో నాలుగొందల పన్నెండో సర్వీసు
మునెప్ప పట్టుపురుగుల షెడ్డు.
ఆ మీటరు నాకు ఏడేండ్లుగా తెలుసు,
ఎండాకాలం నూటిరవై, చలికాలం డెబ్బై,
అంతకు మించి పరిగెత్తింది లేదు.
ఆ కార్తీకంలో చూస్తే
రెండువేల మూడొందలు.
కళ్ళద్దాలు తుడుచుకుని మళ్ళీ చూసినా.
అదే అంకె.

తలుపు తీస్తే వేడి మొహాన కొట్టింది.
మల్బరీ ఆకు వాసన లేదు.
పురుగులు మేసేటప్పుడు
రేకుల మీద సన్నవాన పడినట్టుండే సద్దు లేదు.
ఫ్యాన్ల రొద.
తట్టలు పేర్చే స్టాండు మీద, అరకు నాలుగు,
కంప్యూటరు కార్డులు.
పురుగుకైతే నాలుగు జ్వరాలు, మధ్యలో నిద్ర.
వీటికి ఒకటే జ్వరం, నిద్ర లేదు.

"ఏంది గజపతీ ఇది?"
"తవ్వుతా ఉండానన్నా."
గుంత ఎక్కడా కనబడలేదు.

వాళ్ళ నాయన తవ్వినాడు, నిజంగానే.
చిగురుగుంట గనిలో, తలకు లైటు కట్టుకుని.
టన్ను రాయి పైకి తెస్తే చిటికెడు బంగారం,
అదీ కంపెనీది.
గని మూసినాక మునెప్పకు మిగిలింది
రొమ్ములో రాతిపొడి.
మంచం మీంచి దగ్గుతా అడిగినాడు:
"ఎంత లోతు పోయినాడబ్బా మావోడు?"

గజపతి ఓపిగ్గా చెప్పినాడు.
మొదటి నాణెం చేసినోడెవడో ఎవరికీ తెలీదంట.
చేసే విధానం మటుకు దాచుకోకుండా
వీధి అరుగు మీద పెట్టి పోయినాడంట.
ఒకడు దాన్ని తీసుకుని
పది నిమిషాల లెక్కను రెండున్నరకు దించి,
కొత్త పేరు పెట్టినాడు.
ఇంకొకడు ఎగతాళికి కుక్క మొహం వేస్తే
ఆ ఎగతాళినీ జనం కొనుక్కున్నారు.
రుబ్బిన పిండి ఒకటే,
ఒకరింట దోసె, ఒకరింట గుంతపొంగణం.

"నేనూ ఒకటి చేసినానన్నా," అన్నాడు
తల వంచుకుని, పెండ్లి సంగతి చెప్పినట్టు.
పేరు చంద్రిక.
గూడు కట్టే వేళకు పురుగుల్ని వదిలే
వెదురు చుట్టల తడిక పేరు.
మొత్తం కోటి నాణేలు, తవ్వేవాళ్ళు ముగ్గురు:
వీడు,
కుప్పం సెల్లు షాపులో ఒక పిల్లోడు,
పలమనేరు హాస్టల్లో సువర్చల అనే అమ్మాయి.

"పద్దు పుస్తకం ఎవరి దగ్గరుంటుంది?"
"అందరి దగ్గరా. ప్రతి పేజీ నెత్తిన
పోయిన పేజీ ఆనవాలుంటుంది.
ఒకటి దిద్దితే ఆ తర్వాతివన్నీ చెడతాయి."
నాకు నవ్వొచ్చింది.
చేతిలో బిల్లు మిషను అప్పుడే ఆ మాట కక్కింది:
పాత రీడింగు, కొత్త రీడింగు.
ఇరవై రెండేండ్లుగా ఈ గొలుసు మోస్తా
ఊరూరూ తిరిగినా, కుక్కల్ని అదిలించుకుంటా.
దీనికింత పేరుందని ఎవరూ చెప్పలేదు.

పట్టుపురుగుల రేటు కార్డులకు చెల్లదు.
ఆ మాట రాయాల్సింది నేనే. రాసినా.
వాడు కోప్పడలేదు.
బిల్లు వెనక తెల్లగా ఉన్న చోట
నూరు చంద్రికలు నా పేర రాసిచ్చినాడు,
అరవై నాలుగు అక్షరాల తాళం, బాల్‌పెన్నుతో.
"లంచం కాదన్నా. గుర్తుకు."

పరీక్షలని సువర్చల మిషను ఆపేసింది.
షాపు పిల్లోడు కార్డు అమ్మి బండి కంతు కట్టినాడు.
గజపతి ఒక్కడే పద్దు రాసి
ఒక్కడే ఔనని తలూపుకుంటా
పదకొండు రోజులు తవ్వినాడు.
పన్నెండో రోజు మా లైన్‌మన్ ఫీజు పీకినాడు.

ఫ్యాన్లు ఆగిన ఆ నిశ్శబ్దానికి
మునెప్ప లేచి కూర్చున్నాడు.
"మూసేసినారా?"
"మూసేసినారు నాయనా."
"నీళ్ళు నిండతాయి ఇంక," అన్నాడు,
అలవాటు కొద్దీ.

తర్వాతి నెల పోతే
పాత రీడింగూ కొత్త రీడింగూ ఒకటే.
సున్నా యూనిట్లకూ కనీస చార్జీ వేసి
మిషను చీటీ చించిచ్చింది.

ఆ నూరు చంద్రికల బిల్లు
పర్సులో రేషను కార్డు వెనక ఉంది.
ముందు వైపు అచ్చు వెలిసిపోయింది,
యూనిట్లు, బాకీ, తేదీ, నా సంతకం, అన్నీ.
వాడి బాల్‌పెన్ను రాత మటుకు
ఇంకా నీలంగానే ఉంది.